ఉర్దూలో మొదలై తెలుగులోకి వచ్చిన ఒక నోటుపుస్తకం

(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్లాటినం జూబ్లీ సందర్భంగా ఆరవ తరగతి గదిలో ఏర్పాటు చేసిన ప్రదర్శనను ఇప్పటికే చాలామంది చూసి ఉంటారు. పాత హాజరు పట్టికలు, రంగు వెలసిన గ్రూపు ఫోటోలు, పాతకాలపు వాచకాలు, పాఠశాల మొదటి గంట అక్కడ కొలువుదీరాయి. వాటి మధ్య అట్ట చిరిగి, దారంతో కుట్టిన ఒక నోటుపుస్తకం కూడా ఉంది. అది ఉపాధ్యాయులది కాదు, విద్యార్థులదీ కాదు. బొగ్గుగనిలో హాజరీ గుమస్తాగా పనిచేసిన ఒక తండ్రిది. అందులో ఉన్నవి పద్యాలు కావు, పద్దులు కావు, ఫుట్‌బాల్ ఫలితాలు. పాఠశాల ఉత్సవంలో దానికేమి పని అని కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఆ గుమస్తా పుట్టిన ఊరు రాజురా తాలూకాలోనిది. వార్ధా నదికి ఈవల చాందా మధ్యపరగణాలది, ఆవల రాజురా నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు జిల్లాది. నదిలో ఒకే నీరు పారినా గట్టుకొక ప్రభుత్వం. పిల్లవాడికి చదువు చెప్పించడానికి తల్లిదండ్రులు అతణ్ణి హైదరాబాదులో మేనమామ ఇంటికి పంపారు. మేనమామ నగర పోలీసు శాఖలో జవాను. నిజాం రాజ్యంలో పైచదువు ఉర్దూలోనే కదా! ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ కుర్రవాడు బడిలో అలీఫ్, బే దిద్దాడు. లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలోనే నేర్చాడు. తెలుగు అక్షరం అతని చేతికి రానేలేదు. ఆ తరంలో అలాంటివారు వేలమంది. ఈ సభలో కూర్చున్న ఎందరి తాతలో అదే కోవకు చెందినవారు.

చదువుతోపాటు అతనికి అక్కడ మరొకటి అబ్బింది. సాయంత్రం పూట మేనమామ చేయి పట్టుకొని గోషామహల్ పోలీసు మైదానానికి వెళ్ళి, పోలీసు జట్టు ఆటగాళ్ళు సాధన చేస్తుంటే గట్టున కూర్చొని చూసేవాడు. బంతి బయటికి దొర్లితే పరుగెత్తి తెచ్చి ఇవ్వడం అతని కొలువు. ఆ జట్టు మామ పనిచేసే శాఖది, కాబట్టి మామది, మామది కాబట్టి తనది. పిల్లల తర్కం అలాగే ఉంటుంది. అతని విషయంలో ఆ తర్కం చివరి శ్వాస వరకు మారలేదు.

పోలీసు చర్య జరిగి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన మరుసటి ఏడు, అంటే 1949లో, అతడు నది దాటి చాందా బొగ్గుగనుల్లో కొలువుకు చేరాడు. గనుల్లో కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాల కూలీలు అప్పటికే పెద్ద సంఖ్యలో ఉండేవారు. క్వార్టర్ల వరుసల్లో తెలుగు వినబడని ఇల్లు అరుదు. హైదరాబాదు మాత్రం దూరమైంది. మిగిలింది జట్టు. 1950లో నోటుపుస్తకం మొదలైంది.

ఆ ఏడాది ఆ పుస్తకం మొదలుకావడానికి తగిన కారణమే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకుడైన సంవత్సరం అది. ఉపాధ్యాయుడన్న మాట ఇక్కడ మర్యాదకు వాడినది కాదు. రహీం గారు ఉస్మానియా పట్టభద్రులు, వ్యాయామ విద్యలో డిప్లొమా పొందినవారు, కాచిగూడ మాధ్యమిక పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల వంటి బడులలో పాఠాలు చెప్పినవారు. బొంబాయిలో 1891 నుండి జరుగుతున్న రోవర్స్ కప్పును ఆ జట్టు 1950లో గెలిచింది. 1951లో గెలిచింది. 1952, 1953, 1954లలో కూడా గెలిచింది. వరుసగా ఐదేళ్ళు! ఢిల్లీలో దేశవిభజన తరువాత తొలిసారి జరిగిన డ్యూరాండ్ కప్పును 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చుకుంది. నూర్ మహమ్మద్, అజీజ్, జమాల్, మొయిన్, లాయిఖ్ వంటి పేర్లు హైదరాబాదు గల్లీల్లో మారుమోగిన కాలమది. 1948 నాటి గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్న ఆ రోజుల్లో, ఆ పేర్లను అన్ని ఇళ్ళవారూ తమ పిల్లల పేర్లలా పలికారు.

చాందాలో ఉన్న అభిమానికి ఆ వార్తలు ఎలా అందేవి? నేటి పిల్లలకు ఇది వింతగా తోచవచ్చు. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయినప్పటి నుండి ఢిల్లీ, మద్రాసుల మధ్య నడిచే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ బల్లార్షా మీదుగానే పోయేది. ఆ రైలులో మద్రాసు నుండి ఆంధ్రపత్రిక ఒకటి రెండు రోజులు ఆలస్యంగా దిగేది. గుమస్తా సెలవు దినాన సైకిలు మీద బల్లార్షా స్టేషనుకు వెళ్ళేవాడు. పత్రిక కొనేవాడు, కానీ చదవలేడు. ప్లాట్‌ఫారం మీద తెలుగు వచ్చిన రైల్వే గుమస్తా ఒకరు ఆటల పేజీ చదివి వినిపిస్తే, బెంచీ మీద కూర్చొని కుడి నుండి ఎడమకు ఉర్దూలో రాసుకొనేవాడు. తేదీ, ఊరు, ఎదుటి జట్టు, గోల్స్. తన మాతృభాషలో అచ్చయిన వార్తను మరొకరి నోటి నుండి విని, మరో లిపిలో రాసుకోవలసి వచ్చిన మనిషి అతడు.

1957 జూన్‌లో అతని పెద్ద కుమార్తె ఈ పాఠశాలలో ఒకటవ తరగతిలో చేరింది. ఆమె ఇప్పుడు డెబ్బై అయిదేళ్ళకు చేరువైన పూర్వ విద్యార్థిని, ఈ సభలో ముందు వరుసలోనే ఉన్నారు. పేరు చెప్పవద్దని ఆమె కోరారు.

పలక మీద ఓనమాలు దిద్దుతున్న ఆ పిల్ల ఒక సాయంత్రం తండ్రి నోటుపుస్తకం తెరిచింది.

"నాయినా, గీ గీతలేంది?"

"ఉర్దూ బిడ్డా. బడిల నాకు నేర్పింది గదే."

"మరి తెలుగు రాదా నీకు?"

"మాట్లాడుడు వస్తది. రాసుడు రాదు."

ఆ జవాబు విని పిల్ల తన పలక తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆ రాత్రి నుండి పగలు బడిలో చెప్పిన అక్షరం రాత్రి క్వార్టరులో లాంతరు దగ్గర రెండోసారి చెప్పబడింది. గనిలో వందల మంది హాజరు వేసే మనిషి, కూతురి ముందు బాసిపెట్టు వేసుకొని కూర్చొని 'క'కు తలకట్టు పెట్టడం నేర్చుకున్నాడు. భార్య మొదట నవ్వింది. తరువాత ఆమె కూడా వంటింటి గడప మీద కూర్చొని వినసాగింది. వయోజన విద్య గురించి ఉపన్యాసాలు ఎన్నో వినబడతాయి గాని, ఒక్క పలక ఒక ఇంట్లో ముగ్గురికి చదువు చెప్పిన ఇలాంటి సంగతులు ఏ నివేదికలోనూ కనబడవు.

తండ్రి కూడా కూతురికి ఒకటి నేర్పాడు. రహీం గారి శిక్షణలో ఒక పద్ధతి ఉండేది. కుడికాలి వాటం ఉన్న ఆటగాడు ఎడమ కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. బంతిని ఒంటరిగా నడిపించుకుపోకుండా వెంటనే తోటివాడికి అందించవలసిన పోటీలు కూడా పెట్టేవారు. బలహీనమైన కాలు బలపడాలన్నది ఆయన సిద్ధాంతం. గుమస్తా దీన్ని ఇంట్లో అమలుపరిచాడు. కూతురికి లెక్కలు రావు. అందుచేత ఆదివారం నాడు లెక్కలు తప్ప మరేమీ ముట్టరాదు. ఆ ఇంట్లో నేటికీ రాని విషయాన్ని "ఎడమ కాలు" అనే అంటారు. మనవరాలు "నాకు సైన్సు ఎడమ కాలు" అంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది, బయటివారు మాత్రం కాలికేమైందని అడుగుతారు.

నోటుపుస్తకంలో 1957 పుట ఒక వింత. ఆ ఏడు పోలీసు జట్టు రోవర్స్, డ్యూరాండ్ కప్పులు రెండూ గెలిచింది. పుట సగం ఉర్దూ, సగం తెలుగు. "గోలు" అన్న మాట తెలుగులో, తక్కినది ఉర్దూలో. పూర్తిగా తెలుగులో ఉన్న మొదటి పుట 1960 నాటిది. ఆ ఏడాది రోవర్స్ కప్పు మళ్ళీ వచ్చింది. అయితే అప్పటికి జట్టు పేరు మారింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో హైదరాబాదు పోలీసు కాస్తా ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది. కొత్తగా అక్షరాలు నేర్చినవాడికి ఇంతకంటే కష్టమైన మాట ఉంటుందా? అతడు "అంద పదేశ్" అని రాశాడు. తొమ్మిదేళ్ళ కూతురు ఎర్ర పెన్సిలుతో రెండు చోట్లా క్రావడి చుట్టింది, దీర్ఘం పెట్టింది, పక్కన "తప్పు, మళ్ళీ రాయి" అని రాసింది. తండ్రి బుద్ధిగా కింద మూడుసార్లు రాశాడు. ప్రదర్శనలో ఇప్పుడు తెరిచి ఉంచినది ఆ పుటే.

పేర్లు మారడం ఆ కాలానికి అలవాటే. జట్టు పేరు మారినట్టే చాందా కూడా మధ్యప్రదేశ్ నుండి 1956లో బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు చేరి, తరువాత చంద్రపూర్ అయింది. రాజురా 1956లో ఆదిలాబాదు నుండి విడిపడి, నాందేడు మీదుగా 1959లో ఈ జిల్లాలో కలిసింది. కదలకుండా ఒకే ఊళ్ళో కూర్చున్న మనిషికి పదేళ్ళలో మూడు రాష్ట్రాలు! అతని అభిమానం మాత్రం చిరునామా మార్చుకోలేదు.

1959 దసరాకు కుటుంబమంతా హైదరాబాదులో మేనమామ ఇంటికి వెళ్ళింది. ఫతే మైదానంలో పోలీసు జట్టు ఆడుతున్నదని తెలిసి గుమస్తా భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని పోయాడు. ఆడవారు అక్కడ వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. భార్య కొంగు నెత్తిమీదికి లాక్కొని, ఎవరి వంకా చూడకుండా, ఉడకబెట్టిన పల్లీలు ఒలిచి పిల్లలకు పెడుతూ కూర్చుంది. కూతురు తండ్రి భుజాల మీద ఉంది. ఆట ఫలితం ఆమెకు గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. జట్టు దాడికి పోయినప్పుడల్లా తండ్రి ఆమె పాదాలను తెలియకుండానే గట్టిగా పట్టుకొనేవాడు, బంతి పోగానే వదిలేవాడు. ఆటను తాను కళ్ళతో కాక పాదాలతో చూశానని ఆమె అంటారు. తిరుగు ప్రయాణంలో రైలులో, అప్పటిదాకా ఆట ఊసే ఎత్తని భార్య, "ఆ ఎడమ దిక్కు ఉరికే పిలగాడు మస్తు అలిసిండు, వానికి ఎవ్వలు బంతి ఇయ్యరేంది?" అన్నదట. గుమస్తా ఆ మాటను దశాబ్దాలపాటు బంధువులందరికీ చెప్పుకొని మురిశాడు. ఆమె ఆట మొత్తం చూసిందన్నమాట.

రహీం గారు కేవలం పోలీసు జట్టుకే గురువు కారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు ఆయన తీర్చిదిద్దినదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి నాలుగో స్థానంలో నిలిచిన జట్టూ ఆయనదే. సికిందరాబాదు అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం ఆ కాలంలోనే వెలుగులోకి వచ్చాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. బలరాం కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయినప్పుడు గుమస్తా మూడు రోజులు అలిగాడు గాని, ఈస్ట్ బెంగాల్ ఫలితాలను కూడా పుస్తకం చివరి పుటల్లో రాయడం మొదలుపెట్టాడు. అలక అలకే, లెక్క లెక్కే.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో లక్షమంది ప్రేక్షకుల కేకల మధ్య భారత జట్టు దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి రెండోసారి ఆసియా స్వర్ణం సాధించింది. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు దెబ్బతగిలి కట్టుతోనే ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. శిక్షకుడు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరుతో కృశిస్తున్నాడు. ఆ రాత్రి టీ హోటలు రేడియోలో వార్త విన్న గుమస్తా అందరికీ చాయ్ తాగించాడు. నెలాఖరు దాకా ఇంట్లో ఆ ఖర్చు గురించి గొడవ జరిగింది.

1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. నోటుపుస్తకంలో ఆ తేదీ కింద ఒకే పంక్తి ఉంది. అప్పటికి మూడేళ్ళుగా ఒక్క ఉర్దూ అక్షరమైనా లేని ఆ పుస్తకంలో, ఆ పంక్తి మాత్రం ఉర్దూలో ఉంది. పన్నెండేళ్ళ కూతురు "ఏం రాసినవ్ నాయినా?" అని అడిగితే అతడు జవాబు చెప్పలేదు. పుస్తకం మూసి, సైకిలు తీసుకొని ఎటో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ ఏడు కూడా జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. అదే తొమ్మిదోది, ఆఖరిదీ. ఆ తరువాత నోటుపుస్తకంలో ఖాళీలు ఎక్కువవుతాయి. ఆటగాళ్ళు కలకత్తాకు తరలిపోయారు. అక్కడి జట్లు డబ్బిచ్చేవి, పేరిచ్చేవి. వారిని తప్పుపట్టడం న్యాయం కాదు, ఇంటి పొయ్యి వెలగాలి కదా! నయీముద్దీన్ వెళ్ళాడు, హబీబ్, అక్బర్ సోదరులు వెళ్ళారు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2–2తో సమఉజ్జీగా నిలిచినప్పుడు, ఆ రెండు గోల్స్‌లో ఒకటి హైదరాబాదు హబీబ్‌ది. గుమస్తా ఆ రోజు "మనోడు" అని ఒక్క మాట రాసి కింద రెండు గీతలు గీశాడు. క్రావడి అవసరం లేని మాట, తప్పు లేకుండా రాశాడు.

అతడు 2009లో మరణించాడు. పుస్తకం కూతురి పెట్టెలోకి చేరింది.

2019లో హైదరాబాదు పేరుతో మళ్ళీ ఒక జట్టు ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. ఆ నవంబరు 2న గచ్చిబౌలిలో సొంత మైదానంలో జరిగిన తొలి ఆటకు ఆమె మనవరాలిని తీసుకొని చంద్రపూర్ నుండి రైలెక్కారు. కేరళ జట్టు మీద 2–1 గెలుపు. ఆ ఏడాది ఆఖరుకు జట్టు పట్టికలో అట్టడుగున నిలిచిందనుకోండి, అది వేరే సంగతి. తరువాతి రెండేళ్ళు కోవిడ్ కారణంగా పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. విచిత్రమేమంటే, జట్టు విజేతగా నిలిచింది ఆ కాలంలోనే. 2022 మార్చి 20న ఫతోర్డాలో అదే కేరళ జట్టుతో ఆట 1–1 అయి పెనాల్టీలకు వెళ్ళింది. గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. టీవీ ముందు కూర్చున్న ఆమె మనవరాలి పాదాలు గట్టిగా పట్టుకొని ఉన్నారట. అమ్మమ్మ ఏం చేస్తున్నదో ఆ పిల్లకు అర్థం కాలేదు.

ఆ రాత్రి పెట్టె తెరిచి పుస్తకం తీశారు. మనవరాలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నది. తెలుగు వింటుంది, మాట్లాడుతుంది, రాయలేదు. "మాట్లాడుడు వస్తది, రాసుడు రాదు" అన్న మాట ఆ ఇంట్లో అరవై అయిదేళ్ళ తరువాత మళ్ళీ వినిపించింది. ఈసారి అడ్డం వచ్చింది ఉర్దూ కాదు, అంతే. ఆరు నెలలు పట్టింది. ముత్తాత తప్పులు చూసే పిల్ల క్రావడి నేర్చుకుంది. 2022 ఫలితాన్ని ఆమె చేతే రాయించారు.

2025లో ఆ జట్టు చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. హైదరాబాదు అన్న పేరు కూడా మిగలలేదు. "మా నాయిన జట్టు పేరు మారింది, నా జట్టు ఊరే మారింది" అన్నారు ఆమె. ఆ వార్తను కూడా మనవరాలే రాసింది. గెలిచినవే రాయాలన్న నియమం ఆ పుస్తకానికి ఎప్పుడూ లేదు.

ఇక ఉర్దూ పుటల సంగతి. 1950 నుండి 1954 వరకు గెలిచిన ఐదు రోవర్స్ కప్పులూ వాటిలోనే ఉన్నాయి, కాని ఆ ఇంట్లో వాటిని చదవగలవారు ఎవరూ లేరు. ప్రదర్శన కోసం పుస్తకం తెచ్చినప్పుడు, పట్టణంలోని ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడిని పిలిపించారు. ఆయన కళ్ళజోడు తుడుచుకొని ఒక్కొక్క పంక్తీ చదువుతూ అర్థం చెబుతుంటే, మనవరాలు పక్కన పెన్సిలుతో తెలుగులో రాసింది. బల్లార్షా ప్లాట్‌ఫారం మీద తెలుగు నుండి ఉర్దూలోకి వెళ్ళిన ఫలితాలు మళ్ళీ తెలుగులోకి వచ్చాయి. అమ్మమ్మ కుర్చీలో కూర్చొని వింటున్నారు. ఐదేళ్ళు అయ్యాక ఆమె పుటలు తిప్పి, 1963 జూన్ 11 దగ్గర వేలు పెట్టారు.

ఆ పెద్దాయన చదివి కొంచెం ఆగారు. "ఈరోజు ఉస్తాద్ వెళ్ళిపోయారు అని రాశారమ్మా" అన్నారు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు పెన్సిలు పట్టుకొని, "అమ్మమ్మా, ఉస్తాద్ అంటే సారు కదా, తెలుగుల ఏమని రాయాలె?" అని అడిగింది.

"ఉస్తాద్ అనే రాయి బిడ్డా. సకు త వత్తు."